అమ్మకి దక్కిన ఐదో మాట

మా చిన్నప్పుడు గుడ్ ఫ్రైడే నాడు పన్నెండింటికి చర్చిలో కూర్చుంటే మళ్ళీ లేచేది మూడింటికే... తమిళనాడులో మా రాజపాళయం ఎండ, పైన రేకులు, అంతమందికీ మూడే ఫ్యాన్లు. పొద్దున్నుంచి ఆ మూడయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. పిల్లలు కూడా.

సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు పంచుకుని, తలా ఇరవై నిమిషాలు ప్రసంగం చెయ్యాలి. ఏటా ఏడుగురూ మగవాళ్ళే. ఆ సంవత్సరం మాత్రం ఒకాయన ఊళ్ళో లేక, ఐదో మాట మా అమ్మకి వచ్చింది. "దప్పిగొనుచున్నాను."

అమ్మ సత్రపట్టిలో ఆస్పత్రి కట్టుగుడ్డ నేసే షెడ్డులో పని చేసేది. చదివింది ఐదో క్లాసు. తమిళంలో నాలుగు పేజీలు రాసుకుని నెల రోజులు మా ప్రాణం తీసింది... పొయ్యి దగ్గర అదే, కొళాయి దగ్గర అదే. తప్పు దిద్దితే నా మీదే కోపం. వినీ వినీ నాకే అంతా నోటికి వచ్చేసింది. అయినా అమ్మ మైకు ముందు నిలబడి చదువుతుంటే అందరూ చూడాలని నాకు ఒకటే ఆశ.

తీరా ఆ రోజు... మొదటి మాట రిటైరైన మాస్టారిది. ఆదాము దగ్గర మొదలుపెట్టి యాభై నిమిషాలు చెప్పారు. రెండో ఆయన తన మోకాలి ఆపరేషన్ కథంతా చెప్పాడు. మూడో ఆయన పాట కూడా పాడాడు. నాలుగో ఆయన ఏం చెప్పాడో నాకు తెలీదు, మా చెల్లి పెదాలు నాక్కుంటూ నా ఒళ్ళో వాలిపోయింది.

అమ్మ వంతు వచ్చేసరికి రెండూ నలభై ఐదు. వెనక ఇంకా ఇద్దరున్నారు. పాస్టరయ్య రెండు వేళ్ళు చూపించారు, రెండు నిమిషాలని. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ కాగితాలు విప్పింది. మా వైపు చూసింది. మళ్ళీ మడిచేసి, తమిళం వదిలేసి, మా ఇంటి తెలుగులోనే అన్నది.

"సామి దాహమని అడిగినాడు. పులిసిన ద్రాక్షరసం ఇచ్చినారు. ఈడ బిడ్డలు పొద్దున్నించి నీళ్ళు తాగలేదు. మొదట వాళ్ళకి నీళ్ళు ఇయ్యండి. నా మాట అంతే."

దిగి వచ్చి, వెనక కుండలోంచి చెంబుతో తెచ్చి మా చెల్లికి తాగించింది. తర్వాత వరసగా పిల్లలందరికీ. ఇంకా మూడు కాలేదు... ఆరో ఆయన మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెద్దవాళ్ళు మొహాలు ముడుచుకున్నారు.

నేనూ నీళ్ళు తాగాను. తాగి, ఇంటిదాకా అమ్మని సాధించాను... నెల రోజులు కష్టపడి కనీసం ఒక్క పేజీ చదవొచ్చు కదా అని. చర్చివాళ్ళు మళ్ళీ ఎప్పుడూ ఆ ఏడు మాటల్లో ఒక్కటీ అమ్మకి ఇవ్వలేదు. ఇప్పుడు అమ్మ లేదు.

ఇప్పుడు చర్చిలో ఏసీ ఉంది, ఫిల్టర్ నీళ్ళ క్యాన్లున్నాయి, ఫోన్లో లైవు. తెల్లారకముందే పువ్వుల బొమ్మ మీద "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అని పంపేవాళ్ళు వేరే... ఏం హ్యాపీ అండీ, ఆయన చచ్చిపోయిన రోజు కదా. మొదటి మాట ఇప్పటికీ యాభై నిమిషాలే.

మీ ఇళ్ళలోనూ ఇలా రెండు ముక్కల్లో తేల్చేసిన అమ్మలుంటే రాయండి... మొన్న ఐదో మాట చెప్పినాయన దాహం ఎన్ని రకాలో నలభై నిమిషాలు వివరించాడు. అంతసేపూ గేటు దగ్గర ఎండలో వాచ్‌మ్యాన్ తాత నిలబడే ఉన్నాడు. ఆయనకి గ్లాసుడు నీళ్ళు ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు.