పీట మీద సూడి టేకు

ఔటర్ రింగు రోడ్డు పని నడుస్తున్న ఏళ్లలో మా ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో నీళ్లకంటే తుమ్మచెట్లే ఎక్కువ. వల మడిచి అటకెక్కించిన చెన్నయ్య, ఆదివారాలు మన్నెగూడ చౌరస్తాలో చేపల పీట పెట్టాడు. చెరువు చేప లేదు కాబట్టి, పట్నం మార్కెట్‌కు ఐసులో వచ్చే సముద్రపు చేప తెచ్చేవాడు. అదీ నడవకపోతే ఏదో ఒక ఇళ్లప్లాట్ల వెంచర్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోవాలి. ఆ మాటెత్తితేనే అతనికి ఒళ్లు మంట.

"వల పట్టిన చేతుల్తోని గేటు పట్టుకోవాల్నా?" అనేవాడు.

నేను వాళ్ల వెనకింటి నీలమ్మను. కొన్నా కొనకపోయినా ఆ పీట ముందు నిలబడనిదే నాకు ఆదివారం గడవదు.

కాకినాడ నుంచి వచ్చి అక్కడ ఇల్లు కట్టుకున్న సునంద ఒకరోజు అడిగింది. "టేకు ఉందా అండీ?"

చెన్నయ్య మర్యాదగా చెయ్యి చాపాడు. "గా మూలకు సామిల్ ఉన్నదక్కా. దర్వాజలకా, కిటికీలకా?"

సునంద కడుపు పట్టుకుని నవ్వింది. "చెక్క కాదండీ బాబూ! మా వైపు టేకంటే చేప. చాటలా వెడల్పుగా ఉంటుంది, పొలుసు ఉండదు."

మరుసటి ఆదివారం చాటంత చేప పీట మీదికొచ్చింది. ఆ తర్వాత సునంద వాళ్ల వీధి వీధంతా వచ్చింది. టేకు పెద్దదైతే వాళ్లకు ఇంకా ఇష్టం. చెన్నయ్య పీట టేకు మీదే నిలబడింది.

అలా ఉండగా ఒక ఆదివారం పెద్ద టేకును కోస్తూ అతను కత్తిపీట మీంచి కాలు తీసేశాడు.

"నీలమ్మక్కా, గిది సూడిది."

నాకు నవ్వాగలేదు. సూడి అని బర్రెను అంటాం, ఆవును అంటాం. "చాప సూడిదేందిరా? పాలు గూడ పిండుతవా?" అంటూ వంగి చూశాను. లోపల నాలుగు పిల్లలు, తోకలు చుట్టుకుని పడుకున్నాయి. అచ్చం తల్లి పోలికే.

"అవునండీ, ఇది పిల్లల్నే పెడుతుంది," అంది పక్కనే నిలబడ్డ సునంద. "దీని తోక మీద ముల్లుంటుంది, బోటులోనే కోసేస్తారు. ముల్లు లేని రకం ఇంకోటుంది, అది తోలుసంచీ లాంటిదాంట్లో గుడ్డు పెడుతుంది. ఏ రకమైనా పెట్టేది కొన్నే. ఎదగడానికి ఏళ్లు పడుతుంది. మా నాన్న వలలో మంచమంతవి పడేవి. ఇప్పుడేవీ?"

"బొచ్చెకు లచ్చల గుడ్లు. దీనికి నాలుగేనా?" అన్నాడు చెన్నయ్య.

తొలివానకు కాలువకు ఎదురెక్కే గుడ్ల చేపను వాళ్లింట్లో తాతలనాటి నుంచి ఎవరూ ముట్టరు. చెరువులో అయితే వదిలేయొచ్చు. ఐసులో వచ్చినదాన్ని ఎక్కడ వదులుతాడు? ఆ రోజుకు అమ్మకం ఆపి పీట కడిగేశాడు.

భార్య జంగమ్మ ఊరుకుంటుందా? "పెద్ద టేకులన్ని ఆడియే ఉంటయి. గవి ఇడిసిపెట్టి ఏమమ్ముతవ్? పో, గేటు కాడ కూసో!"

 చెన్నయ్య మార్కెట్‌లో టేకు తోక మొదట్లో చూసి ఆడా మగా పోల్చడం నేర్చుకున్నాడు. అటొకటి ఇటొకటి వేలు లాంటివి వేలాడితే మగది. లేకపోతే ముట్టడు. ముక్కలు కోసి పెట్టినదైతే అసలే వద్దు. మార్కెట్‌లో నవ్వారట. "ఏందన్నా, లగ్గం జేస్తున్నవా, ఆడా మగా జూస్తున్నవ్?"

నేనూ ఊరుకోలేదు. "నువ్వొక్కనివి కొనకుంటే సముద్రం నిండుతదా?"

"సముద్రం సంగతి నాకేమెరుకక్కా. నా పీట మీద మాత్రం సూడిది తెగది."

కొన్ని ఆదివారాలు టేకే దొరకలేదు. దొరికినా చిన్నది. సగం వీధి హైవే మీద ఇంకో దుకాణానికి మళ్లింది. ఎండాకాలం వచ్చేసరికి చెన్నయ్య నిజంగానే ఒక వెంచర్ గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. పీట మాత్రం తీసేయలేదు. ఆదివారం సెలవడిగి వస్తాడు.

సునంద ఇప్పటికీ వస్తుంది. దూరం నుంచే కేకేస్తుంది. "మగదేనా అండీ?"

చెన్నయ్య ధర చెప్పేముందు చేపను వెల్లకిలా తిప్పి చూపిస్తాడు.