నాయన పెంచిన గడ్డి

మా వీధి చివర పార్కులో నెలకోసారి మిషనుతో గడ్డి కోస్తారు. ఆ పచ్చి వాసన ఇంట్లోకి వచ్చిందంటే నేను లేచి కిటికీ మూసేస్తాను. మా కోడలికి ఆ వాసన ఇష్టం. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. పోయి యాభై ఏళ్లు దాటిన మనిషి మీద ఇంకా చల్లారని కోపం అది.

మాది మైదుకూరు దగ్గర ఒక మెట్ట పల్లె. నేను చెప్పేది పందొమ్మిది వందల యాభైల నాటి సంగతి, నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఉమ్మడి ఇంట్లో పెత్తనమంతా పెద్దనాయనది. మా నాయన బండి మీద నుంచి పడి ఒక కాలు వంకరపోయి, సేద్యానికి పనికిరాడని సొంత అన్న చేతే అనిపించుకుని, వెనక పెరట్లో తనకంటూ ఒక లోకం పెట్టుకున్నాడు. కుందూ నది ఒడ్డు నుంచి తెచ్చిన రెల్లు దుబ్బులు గోడ వెంబడి, వాటి ముందు ఇంటి కప్పులకు వేసే బోదగడ్డి, దాని కాళ్ల దగ్గర వట్టివేరు, వాటి సందుల్లో బంతి, చేమంతి, కోడిజుట్టు పూలు, సాయంత్రం విచ్చుకునే చంద్రకాంతలు. దసరా నాటికి రెల్లు తెల్లగా పూసి, బోద ఎర్రబారి, ఇంట్లో అమ్మ పెనం మీద కాల్చే తియ్యటి ఓళిగల నేతివాసనా పెరట్లో చేమంతుల వాసనా కలిసిపోయి, నాకు కలిగేది ఆకలో ఆనందమో తెలిసేది కాదు.

ఊరంతా నవ్వేది. "ఏమప్పా, ఎద్దులు తినే గడ్డికి నీళ్లు పోస్తాండావు?" అని గోడ మీదుగా తొంగి చూసి ఎగతాళి చేసేవాళ్లు. బావి నీళ్లు ఒక్క చుక్క వాడలేదు మా నాయన. మేం స్నానాలు చేసిన నీళ్లనే చిన్న కాలువ తీసి మళ్లించుకునేవాడు. పొద్దు వాలే వేళ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గాలికి రెల్లు ఊగుతుంటే, "ఇన్యావా పాపా, మాట్లాడతాండాది" అనేవాడు. ఆ మాటల్లో ఒక్కటీ నాకు అర్థం కాకపోయినా తల ఊపేదాన్ని.

ఆ ఏడు పెద్దనాయన పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డాడు. ఊరందరికీ సంగటి, మాంసం పెట్టాలి, పొయ్యిలకు చోటు కావాలి. వాకిలి ముందు బండ్లు నిలిపే ఖాళీ స్థలం ఎంతో ఉంది. అయినా బాడుగ పాత్రలు తెమ్మని నాయనను మైదుకూరుకు పంపించి, బండి మలుపు తిరగ్గానే నన్ను పిలిచాడు.

"పాపా, మీ నాయన కొడవలి యాడ పెట్టినాడో తెలుసునా?"

తెలుసు. గాదె వెనక. పెద్దనాయన నాకు పని చెప్పడం అదే మొదటిసారి. పొంగిపోయి పరుగెత్తి తెచ్చి ఇచ్చాను.

కూలికి వచ్చిన మద్దిలేటి కొడవలి పట్టుకుని నిలబడిపోయాడు. "చిన్నప్ప వచ్చినాక కోస్తానప్పా" అన్నాడు.

"గడ్డికేమి పంచాయితీరా? కొయ్యి!"

కోశాడు. నిండు పూత మీద ఉన్న రెల్లు పడిపోయింది. బంతి చెట్ల మీదుగా గాడిపొయ్యిలు తవ్వారు. కోసిన గడ్డి కొట్టంలో ఎద్దుల ముందు వేస్తే, ముదిరిన గడ్డిని అవి మూతి పెట్టి చూసి వదిలేశాయి.

పొద్దుగుంకే వేళకు నాయన వచ్చాడు. బండి దిగి, పెరటి తలుపు తీసి చూశాడు. ఒకే ఒక్క మాట అడిగాడు.

"కొడవలి ఎవరిచ్చిరి?"

పెద్దనాయన పకపకా నవ్వాడు. "నీ బిడ్డేరా. శానా చురుకైన పిల్ల!"

నాయన నా వైపు చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు కుంటుకుంటూ భోజనాల బంతుల మధ్య తిరిగి ఊరందరికీ తానే వడ్డించాడు. ఆ వడ్డన తలుచుకుంటే నాకు ఆయన మీదా కోపమే. ఒక్క పాత్రైనా ఎత్తి నేలకేసి కొట్టి ఉండకూడదా?

పెద్దనాయన గెలిచాడు. వానలకు రెల్లు మొదళ్లు చిగుర్లు వేశాయి. పండగొచ్చినంత సంబరంగా పోయి చెప్పాను. నాయన గడ్డపార తీసుకుని వచ్చి, రెండు రోజులు కూర్చుని, వేళ్లతో సహా తవ్విపోశాడు. నేను ఏడుస్తూ చెయ్యి పట్టుకుంటే, "మల్లా కోయిచ్చుకునేది నాతో కాదు పాపా" అన్నాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఒక్క మొక్క నాటలేదు.

పోయిన నెల ఊళ్లో పెద్దనాయన పేరు మీద ఏదో కార్యం చేస్తే వెళ్లాను. ఫోటోకు దండ వేయమని ఆయన మనవడు నా చేతికిచ్చాడు. "నేను వెయ్యను. ఆయన మా నాయన తోట కోయిచ్చినాడు" అన్నాను, అందరికీ వినబడేలాగా.

మనవడు నిజంగానే అయోమయంగా చూశాడు. "ఏ తోట అత్తా?"

ఫోటో వెనక కిటికీలోంచి పెరడు కనబడుతోంది. గోడ నుంచి గోడ దాకా సిమెంటు, దాని మీద అమ్మకానికి నిలబెట్టిన నాపరాళ్లు. ఇదిగో, ఇక్కడ, అని చూపించడానికి ఒక్క పరక కూడా లేదు.