తల ఎటు ఊపాను

స్పీడ్‌వే బైక్‌కి బ్రేకులు ఉండవు. మట్టి ట్రాక్ మీద నలుగురం ఎడమవైపుకే తిరుగుతూ నాలుగు రౌండ్లు కొట్టాలి. మలుపులో వెనక చక్రాన్ని జారనిచ్చి, ఇనుప తొడుగు వేసిన ఎడమకాలును నేలకు ఆనించాలి. ఇదంతా వివరంగా చెప్తే, కాలిఫోర్నియాలో మా తెలుగువాళ్ల పార్టీలో పార్టీ ఇచ్చిన పెద్దాయన ప్లేటు పట్టుకుని అడిగాడు.

"మైలేజ్ ఎంత ఇస్తుంది బాబూ?"

అది పెట్రోలుతో కాదు, మిథనాల్‌తో నడుస్తుందన్నాను.

"అయితే ఇంకా చీప్ అన్నమాట."

ఆయన ఇంటికి మళ్లీ వెళ్లలేదు.

వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారం రేసు. ఏళ్ల తరబడి రెండో డివిజన్‌లోనే ఉన్నాను. మోకాలి ఆపరేషన్ అయ్యాక నా భార్య షరతు పెట్టింది: ఈ సీజన్‌లో మొదటి డివిజన్‌కి ఎక్కితే సరే, లేకపోతే రేసులు మానేసి బైక్ అమ్మేయాలి. ఒప్పుకున్నాను. చివరి రేసులో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్లు పైకి ఎక్కుతారు.

ట్రాక్‌కి అడ్డంగా కట్టిన స్టార్టింగ్ టేపు ముందు నలుగురం బైకులు నిలబెట్టాం. నా ఇంజన్ చప్పుడు తేడాగా ఉందనిపించిందేమో, రేసు మొదలుపెట్టించే స్టార్ట్ మార్షల్ దగ్గరికొచ్చి, బైక్ బాగానే ఉందా అని సైగ చేశాడు. తల ఊపాను. మనం అందరం ఊపినట్టే ఊపాను. అతను నన్ను పక్కకు తప్పించి రిజర్వ్ రైడర్‌ని పిలిచాడు. నేను హెల్మెట్ తీసి మాట్లాడేలోపు రేసు మొదలైపోయింది. నా స్థానంలో దిగినవాడు రెండోవాడిగా వచ్చి మొదటి డివిజన్‌కి ఎక్కాడు.

రిఫరీ దగ్గరికి వెళ్లాను.

"బైక్ బాలేదని నువ్వే చెప్పావు కదా," అన్నాడు.

"బాగుందని చెప్పాను. మావాళ్లు సరే అంటే ఇలాగే ఊపుతారు," అని ఊపి చూపించాను.

"అదిగో, మళ్లీ కాదంటున్నావు."

ఇంటికి వస్తూ కారులో నా భార్య అడిగింది.

"ఇంతకీ ఎటు ఊపావు? అడ్డంగానా, నిలువుగానా?"

"సరే అన్నట్టు ఊపాను."

"అంటే అడ్డంగా."

"పూర్తిగా అడ్డంగా కాదు."

"బొటనవేలు చూపిస్తే పోయేదిగా?"

"ఒక చెయ్యి క్లచ్ మీద, ఒక చెయ్యి థ్రాటిల్ మీద ఉంటే ఏ వేలు చూపించను?"

తను కిటికీలోంచి బయటికి చూసింది. నవ్వుతోందని భుజాలు చెప్పాయి.

మాట ప్రకారం రేసులు మానేసి, బైక్‌ని అమ్మకానికి పెట్టాను. మొదట ఫోన్ చేసింది ఆ రిజర్వ్ రైడరే. మొదటి డివిజన్‌లో దగ్గర రెండో బైక్ కూడా ఉండటం మంచిదట. అమ్మనన్నాను.

"అతనికే ఇచ్చెయ్. కనీసం బైకైనా మొదటి డివిజన్‌కి వెళ్తుంది," అంది నా భార్య.

"అందుకే ఇవ్వను."

ఆ తర్వాత వచ్చినవాళ్లందరూ అతని స్నేహితులేనని నా అనుమానం. బైక్ గ్యారేజ్‌లోనే ఉంది. నా భార్య కారు బయట ఎండలో ఉంటోంది. తను రోజూ కారు సంగతి ఎత్తుతుంది. నేను రిఫరీ సంగతి ఎత్తుతాను.