మామగారి రేడియేటరులో బురద

ఏ మెకానిక్కయినా ముందు పానా అందుకుంటాడు. మన లాయరు ముందు మనిషిని పట్టుకుంటాడు. అతనికి అసలు పేరు ఉండే ఉంటుంది గానీ ఎవరికీ అక్కర్లేకపోయింది. బానెట్ ఎత్తేముందు బండి యజమానిని నిలబెట్టి పావుగంట అడ్డప్రశ్నలు వేస్తాడు కాబట్టి లాయరు. చివరిసారి నీళ్లు ఎవరు పోశారు? ఏం నీళ్లు? మోత ముందు వచ్చిందా, ఆవిరి ముందు వచ్చిందా? పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా అతని ముందు కాసేపు నీళ్లు నమిలి, ఆఖరికి నిజం కక్కినవాళ్లే. బండ్లకొచ్చే జబ్బుల్లో సగం మనిషి చేతి చలవేనని అతని నమ్మకం. ఇరవై రెండేళ్లుగా ఆ నమ్మకం మీదే సంసారం నడుపుతున్నాడు.

అంతటి లాయరుకి ఒక్క మనిషి దగ్గర మాత్రం నోరు పెగలదు. ఆయన పిల్లనిచ్చిన మామగారు.

మామగారు ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. అన్నేళ్లలో బస్సుకి చిన్న గీత కూడా పడలేదన్న సంగతి ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్లకంటే ముందు అందుతుంది. ఆయనకో పాత కారు ఉంది, లాయరు పెళ్లికంటే పాతది. ఇక స్టీరింగు వదిలెయ్యమని ఇంట్లోవాళ్లు పోరగా పోరగా పోయిన ఏడాది ఓ ఒప్పందం కుదిరింది. ఈ కారు ఉన్నన్నాళ్లు ఆయన నడుపుతారు. ఇది పోయిన రోజున ఆయన మళ్లీ స్టీరింగు మాట ఎత్తరు.

అలాంటి కారు రేడియేటరులో బురద కనిపించింది. వేరే మెకానిక్కు ఒకతను పైపైన చూసి, ఇంజినాయిలుని, ఇంజిను చల్లబరిచే కూలెంటుని విడిగా ఉంచే గాస్కెట్టు పోయింది, రెండూ కలిసిపోయాయి, తుక్కు కింద ఇచ్చేసుకోండి అని చెప్పి వెళ్లిపోయాడు. బావమరిది తుక్కువాడికి ఫోను కూడా చేసేశాడు. అల్లుడు చూడందే బండి కదలడానికి వీల్లేదని మామగారు కారు షెడ్డు తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

లాయరు వచ్చేసరికి హాల్లో అత్తగారు, బావమరిది, తన భార్య వరసగా కూర్చుని తీర్పు కోసం చూస్తున్నారు. మామగారి మొహం చూస్తే అతనికి జాలేసింది.

"ఇది పోతే నేనూ మూల కూర్చోవాల్సిందే అల్లుడూ. బాగా చూడు," అన్నారాయన.

ఇంజిను చల్లగానే ఉంది. లాయరు రేడియేటరు మూత తీశాడు. ఆకుపచ్చగా ఉండాల్సిన కూలెంటు తుప్పు రంగులో జిగురుగా ఉంది. వేళ్ల మధ్య రాసి చూస్తే ఆయిలు జిడ్డు తగల్లేదు. ఆయిలు కొలిచే పుల్ల లాగి చూశాడు. నీళ్లు కలిస్తే మీగడలా తెల్లబడేది, అదీ లేదు. బురద కొంచెం గాజు సీసాలో పట్టి గట్టు మీద పెట్టాడు. ఇంజిను స్టార్టు చేసి రేడియేటరులోకి తొంగి చూశాడు. గాస్కెట్టు పోయినదైతే బుడగలు ఆగకుండా తన్నుకు రావాలి, రాలేదు. అరగంటయ్యాక సీసాలో పైన ఆయిలు తేలలేదు, అడుగున మాత్రం మడ్డి పేరుకుంది. ఇంజిను నిక్షేపంగా ఉంది.

రెండు రకాల కూలెంటు కలిస్తే ఇలాంటి బురద తయారవుతుంది. అంటే ఎవరో కలిపారు. ఇక మిగిలింది విచారణ. ఇంకెవరైనా అయితే ఈపాటికి గోడకి ఆనించి నిలబెట్టేవాడే. ఇక్కడ మాత్రం లాయరుగారు మూడుసార్లు గొంతు సవరించుకున్నారు.

"ఈమధ్య ఏమన్నా పోశారా, మామయ్యగారూ?"

ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. నెల కిందట పోశారట, తన ఆకుపచ్చదే. అరలో పక్కనే ఉండే ఎర్ర డబ్బా కొడుకు కొత్త కారుది, దాని జోలికే పోలేదు, అంత తెలివితక్కువవాడిలా కనపడుతున్నానా అని గట్టిగానే తగులుకున్నారు. లాయరు బిక్కచచ్చిపోయి, పోనీ ఆయన పోసిన డబ్బా ఒకసారి అందుకోమన్నాడు. మామగారు అరవైపు తిరిగి చూడకుండానే చెయ్యి చాచి, కుడిచివరనున్న డబ్బా తీసిచ్చారు.

ఎర్ర డబ్బా. కొడుకు వాడుకుని అటుది ఇటు పెట్టి ఉంటాడు.

లాయరు దాన్ని ఆయన వైపు తిప్పి, ఏం రాసుందో చదవమన్నాడు. ఆయన దూరంగా పెట్టి చూశారు. ముక్కుకి ఆనించుకుని చూశారు. అక్షరాలు మరీ చిన్నగా వేశారని విసుక్కున్నారు. అరచెయ్యంత అక్షరాలవి.

ఎంతోమంది చేత నిజం కక్కించిన లాయరుకి, ఈ ఒక్క నిజం తెలియకపోతే బాగుండుననిపించింది. చూపు తగ్గి ఎన్నాళ్లయిందని అడిగాడు.

"ఏడాది. పొగమంచులో నడుపుతున్నట్టు ఉంటుంది," అన్నారు మామగారు మెల్లగా. "లోపల చెప్పకు అల్లుడూ. బండి బాగానే ఉందిగా."

"రోజూ మీ మనవరాల్ని బడి దగ్గర దింపుతున్నది మీరే కదా, మామయ్యగారూ."

ఆయన డబ్బాని గట్టు మీద పెట్టారు. తర్వాత జేబులోంచి కారు తాళం తీసి అల్లుడి చేతిలో పెట్టి, ఆసరా అక్కర్లేదని విదిలించుకుని, ఒక్కరే హాలు గుమ్మందాకా నడిచారు.

"బండికేం కాలేదు. శుభ్రంగా కడిగి కొత్త కూలెంటు పోస్తే చాలు," అన్నారు అక్కడే నిలబడి. "కనపడనిది నాకు. ఇక నేను నడపను."

లాయరు భార్య కళ్లు తుడుచుకుంది. అత్తగారు మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"ఇప్పటికి ఒప్పుకున్నారా," అన్నారు. "రోజూ ఇంట్లో పని వదిలేసి బడిదాకా మీ పక్కన కూర్చుని, ఎర్రలైటు పడింది ఆగండి, పిల్లలు అడ్డొస్తున్నారు ఆగండి అని అరుస్తున్నది నాకు నోరు ఊరుకోకనా?"