అరిటాకు కింద ఆట

మా గోదావరి వాళ్ళ మర్యాదను ఎవరైనా మెచ్చుకుంటుంటే నేను మాట మార్చేస్తాను. నేనూ ఇక్కడే పుట్టి పెరిగినదాన్నే. అయినా సరే, రాజమండ్రిలో మేం పెట్టిన ఆటల ప్రదర్శన తర్వాత ఆ మాట వింటే చాలు, సాంబారు వాసన ముక్కుకు తగిలినట్టుంటుంది.

నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆదివారాలు మా డాబా మీద కొంతమందిమి చేరి బోర్డు గేములు ఆడుకుంటాం. పులి మేక దగ్గర్నుంచి ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన పెట్టెల దాకా అన్నీ ఆడతాం. మాలో ఒకతను అంతర్వేది వైపు వాడు, ఇక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న ఇప్పటికీ సముద్రం మీద వేటకు వెళ్తాడు. ఆ వేటనే ఇతను ఆటగా తయారుచేశాడు. ప్లైవుడ్ పలక మీద వాళ్ళావిడ సముద్రం రంగులు వేసింది. ఇతను టేకు ముక్కలతో పడవలు చెక్కాడు. వాయుగుండం ఎప్పుడొస్తుందో తెలియదు, ఐసు ఎంత మోసుకెళ్ళాలో ముందే తేల్చుకోవాలి. నేను మొదటిసారి ఆడినప్పుడు పడవ నిండా చేపలుండగా ఐసు అయిపోయింది. ఆ రోజంతా ఉడికిపోయాను. అంత మంచి ఆట అది.

బెంగళూరులో ఇలాంటి ఆటలు అచ్చువేసి అమ్మే తెలుగాయన ఒకరున్నారు. అన్నవరంలో వ్రతం చేసుకుని వెళ్తూ, మధ్యాహ్నం రైలెక్కే ముందు మా ఊళ్ళో ఆగి ఈ ఆట చూస్తానన్నారు. ఎలాగూ ఆయన వస్తున్నారు కదా, చుట్టుపక్కల జిల్లాల్లో ఆడేవాళ్ళందరినీ పిలిచి ప్రదర్శనే పెట్టేద్దామని నేనే అన్నాను.

మొదట అడిగిన హాలు మేనేజరు, "ఆటలంటే ఏంటండీ, పేకాటేనా?" అన్నాడు. కాదన్నాను. "పాచికలుంటాయన్నారు కదండీ, అయితే తీర్థాల్లో డబ్బులు కాసే గుండాటా?" అన్నాడు. అరగంట విడమరిచి చెప్పాక గొంతు తగ్గించి, "మీరు మేడం గారు కాబట్టి బయటికి అలాగే చెప్పండి" అని కన్నుగీటాడు. ఒళ్ళు మండి లేచొచ్చేశాను.

చివరికి బాగా పొలాలున్న ఒక పెద్దాయన తన కల్యాణమండపం ఊరికే ఇస్తానన్నారు. "అద్దె మాటెత్తకండి. భోజనాలు మాత్రం నావి. మా హాల్లోకొచ్చినోళ్ళు తినకుండా వెళ్తే మా పరువేం కావాలండీ?" అన్నారు. వెనక షెడ్డులో, అదీ ఆటలయ్యాక పెట్టించండి అన్నాను. "అలాగేనండి" అన్నారు. మా వైపు 'అలాగేనండి' అంటే విన్నామని మాత్రమే అర్థం. అది తెలిసి కూడా సంతోషించాను.

ఆ రోజు పొద్దున్నే హాలు నిండా పొడుగు బల్లలు వేసి, వాటి మీద ఆటలు పరిచాం. మా అంతర్వేది అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని తన సముద్రం పక్కన నిలబడ్డాడు. పెద్దాయన తన స్నేహితులతో దిగారు. ఇక వేదిక, శాలువాలు, దండలు. వాళ్ళలో ఒక్క బల్ల వైపూ తిరిగి చూడని ఒక పెద్దమనిషి ఆటల గొప్పతనం మీద మైకు పట్టుకుని వదల్లేదు. బెంగళూరాయన వచ్చీ రాగానే ఆయన్నీ గుమ్మంలోనే పట్టుకెళ్ళి వేదికెక్కించి, మెడలో దండ వేశారు.

"అక్కా, ఆయన కిందికి దిగుతారంటారా అండి?" అన్నాడు ఇతను.

"దిగుతారు. నువ్వు కదలకు" అన్నాను.

ఇంతలో మైకు మూగబోయింది. "మీరు ఫోన్లు బాగుచేస్తారంట కదండీ, ఇదోసారి చూడండి" అని పెద్దాయన ఇతన్ని పిలిచారు. కాదనలేక వెళ్ళాడు. అదే సమయానికి పేకాట జరుగుతోందని ఎవరో చెబితే గేటు దగ్గరికి కానిస్టేబుల్ వచ్చాడు. నేను అటు పరిగెత్తాను.

తిరిగి వచ్చేసరికి వంటవాళ్ళు లోపలికొచ్చేశారు. కల్యాణమండపం, పొడుగు బల్లలు, రెండు వైపులా కుర్చీలు. వాళ్ళకు ఇంకేం తోస్తుంది? పెట్టెల్ని బల్లల కిందికి తోసి, పడవల్ని ఖాళీ కూర బకెట్లో పోసి, పలకల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరికి కాగితం పరిచేశారు. ఆకులు పడ్డాయి. వేదిక మీది వాళ్ళంతా దిగి కూర్చున్నారు. బెంగళూరాయన సరిగ్గా ఇతని బల్ల ముందే కూర్చుని పప్పన్నం కలుపుతున్నారు. సముద్రం ఆయన ఆకు కిందే ఉంది.

కాగితం లాగెయ్యబోయాను. ఇతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"తినే మనిషిని ఆకు ముందు నుంచి లేపకూడదక్కా."

"ఆయన రైలు టైమవుతోంది!"

"తిననివ్వండి."

అప్పుడే పెద్దాయన ఇతని చేతిలో సాంబారు బకెట్ పెట్టారు. "ఖాళీగా ఉన్నారుగా, అటు వడ్డించండి." ఇతను వడ్డించాడు. "చాలు బాబూ, చాలు" అన్నారు బెంగళూరాయన తలెత్తకుండా. చెయ్యి కడుక్కోగానే పెద్దాయన ఆయనకు ఆత్రేయపురం పూతరేకుల పెట్టె అందించి కారెక్కించేశారు. నేను కారు అద్దం కొట్టాను గానీ లోపలి నుంచి నమస్కారం మాత్రమే వచ్చింది.

ఎంగిలి ఆకులు చుట్టి తీశాక చూశాం. సాంబారు కాగితంలోంచి దిగి పలకంతా ఇంకింది. నీలం రంగు పెచ్చులుగా లేచింది. దాని మీద మునక్కాడ పిప్పి. నాకు రోత పుట్టింది, ఆ పిప్పిని చూసి కాదు, అరుగుమీద కూర్చుని తృప్తిగా కిళ్ళీ నములుతున్న అంతమందిని చూసి. ఇతను బకెట్లోంచి పడవలు తీసి పంపు కింద కడుక్కున్నాడు.

తర్వాతి ఆదివారం మా డాబా మీద ఉండగా బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. అందరూ వినాలని ఆశగా స్పీకర్ పెట్టాను.

"మేడం, మొన్న సాంబారు వడ్డించారే, ఆయన నంబరుందా? మా తమ్ముడి గృహప్రవేశానికి ఆ వంటే కావాలి."

"ఆయన వంటాయన కాదండి. మీరు చూడ్డానికి వచ్చిన ఆట ఆయనదే. మీ ఆకు కింద ఉంది" అన్నాను.

"అయ్యో, ముందే చెప్పాల్సిందండీ" అన్నారు. తర్వాత కొంచెం మొహమాటంగా, "మరి ఆ వంటవాళ్ళ నంబరు..." అన్నారు.

ఫోన్ గోదాట్లోకి విసిరేయాలనిపించింది. ఇతను నా చేతిలోంచి అందుకుని, తన కొట్టుకొచ్చే ఆ వంటమేస్త్రీ నంబరు తన ఫోన్లో వెతికి, ఒక్కో అంకె విడివిడిగా, తప్పు పోకుండా చెప్పాడు. చివర్లో, "ఉంటానండి" అన్నాడు.