స్తంభం మీద ఉన్నవాడికి చప్పట్లు

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో కరెంటు పోతే మా వీధంతా తిట్టేది, వస్తే వీధంతా చప్పట్లు కొట్టేది. చుట్టూ రైస్ మిల్లులు. గాలివాన పడి కరెంటు పోగానే మిల్లుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయి, మనుషుల మాటలు వినబడేవి. ఆ మాటల్లో సగం కరెంటువాళ్ల మీద తిట్లే. ఏ గంటకో బల్బు వెలగగానే పిల్లలందరం "ఒచ్చింది, ఒచ్చింది" అని ఎగిరేవాళ్లం. అరుగుల మీది పెద్దవాళ్లు కూడా చేతిలో విసనకర్ర పక్కన పడేసి చప్పట్లు కొట్టేవాళ్లు.

అందరికంటే గట్టిగా కొట్టేదాన్ని నేనే. మా నాన్న లైన్‌మన్. వాన మొదలైతే అందరి నాన్నలూ ఇంటికి వచ్చేవాళ్లు, మా నాన్న ఇంట్లోంచి వెళ్లేవాడు. కాబట్టి ఆ చప్పట్లన్నీ ఆయనకే చెందుతాయని నా నమ్మకం. ఆయన తడిసి ముద్దయి వచ్చి చొక్కా విప్పుతుంటే వెనకాలే తిరుగుతూ చెప్పేదాన్ని.

"నాన్నా, మన వాడకట్టంత నీకు సప్పట్లు కొట్టిన్రు."

"అవి నాకు కాదు బిడ్డా, కరెంటుకు. నేనేడ ఉన్ననో, ఏ స్తంభం మీద ఉన్ననో ఆళ్లకేమెరుక?"

నవ్వుతూనే అనేవాడు. నాకు మాత్రం ఏడుపొచ్చేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, జనం మా నాన్నను కళ్లారా చూసి, ఆయన కోసమే చప్పట్లు కొట్టాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. పరీక్షల ముందు అందరూ మార్కుల కోసం మొక్కుకుంటే నేను దీనికోసం మొక్కుకున్న రోజులున్నాయి. ఆ కోరిక తీరింది. తీరకపోయినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

నాన్న చివరి పోస్టింగ్ నేరేడుచర్ల. అప్పటికి నాకు కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం. శనివారం బస్సెక్కి ఇంటికి వచ్చేదాన్ని. నాన్నకు డిపార్ట్‌మెంటువాళ్లు ఇచ్చిన ఫోన్ ఒకటి ఉండేది. అన్నం ముందు కూర్చుంటే మోగేది, స్నానానికి పోతే మోగేది. కరెంటు పోయిన ప్రతివాళ్లూ ఆ నంబరుకే చేసేవాళ్లు. వచ్చిందని చెప్పడానికి ఎవరు చేస్తారు? ఎవరూ చేయరు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఒక్క ముసలామె మాత్రం చేసేది. దగ్గరి పల్లెలో గొర్లు కాసుకునే ఇంటి మనిషి. మొదటిసారి చేసినప్పుడు ఆమె ఇంట్లో రెండు రోజులుగా బల్బు వెలగడం లేదట. నాన్న వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరిచేసి, వేరే పని ఉండి అటునుంచి అటే పోయాడు. కాసేపటికి మళ్లీ ఫోన్. ఇంకేం పోయిందో అని విసుక్కుంటూ ఎత్తాడు.

"ఒచ్చింది కొడుకా. నువ్వు దిగినవా?"

"ఆఁ, దిగిన అవ్వా."

"తిన్నవా?"

"తింట."

"మంచిది." ఫోన్ పెట్టేసింది.

అప్పటినుంచి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ ఫోన్ వచ్చేది. ఆమెకు అంకెలు రావు. రెండో నంబరు బటన్ నొక్కి పట్టుకుంటే నాన్నకు పోయేటట్టు కోడలు పెట్టి ఇచ్చిందట. మాటలు ఎప్పుడూ అవే. నాన్న ఆమెను ఒక్కసారీ చూడలేదు. అయినా ఆ గొంతు వినగానే ఆయన ముఖం మెత్తబడేది. "మీ రెండో అమ్మ ఇంక చెయ్యలేదా?" అని అమ్మ ఆటపట్టిస్తే, "లైన్లు దొరకక చేసుండదు తియ్" అని ఆమెను వెనకేసుకొచ్చేవాడు. నాకు లోపల కొంచెం కుళ్లుగా ఉండేది. అయినా "దిగినవా?" అన్న ఆ ప్రశ్న నేనెన్నడూ అడిగింది లేదు.

కరోనా మొదలైన ఎండాకాలం. కాలేజీ మూసేస్తే నేరేడుచర్లకు వచ్చేశాను. ఆదివారం సాయంత్రం అందరూ గుమ్మాల్లోకి, డాబాల మీదికి వచ్చి, బయట తిరిగి పనిచేసేవాళ్ల కోసం చప్పట్లు కొట్టాలని టీవీలో చెప్పారు. మా కాలనీలో మధ్యాహ్నం నుంచే హడావుడి. నేను స్టీలు పళ్లెం, గంటె పట్టుకొని అందరికంటే ముందు డాబా ఎక్కాను. అప్పటికే మా కాలనీ సగానికి కరెంటు లేదు. మూలమీది స్తంభం పైన తీగ కాలిపోతే నాన్న ఎక్కి అతుకుతున్నాడు. మా డాబా మీదికి బాగా కనబడుతున్నాడు. అదృష్టమంటే ఇదే అనుకున్నాను.

టైము కాగానే కాలనీ అంతా మోగిపోయింది. చప్పట్లు, పళ్లాలు, గంటలు, ఈలలు. నేను "మా నాన్న, అగో మా నాన్న" అని అరిచి చూపించాను. పక్క డాబాలవాళ్లంతా అటు తిరిగారు. ఇరవై ఏళ్ల నా ఆశ కళ్లముందే తీరుతోంది. పళ్లెం సొట్టపడేలా కొట్టాను. నాన్న పని ఆపేసి, రెండు చేతులతో స్తంభాన్ని కరుచుకొని, తల దించుకున్నాడు. సిగ్గుపడుతున్నాడు అనుకున్నాం. ఎదురింటాయన వీడియో తీశాడు.

ఎంతకీ ఆయన కదల్లేదు. తర్వాత ఒక చేత్తో ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, దించాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చాలాసేపటికి మెల్లగా కిందికి దిగాడు. జనం ఇంకా కొడుతూనే ఉన్నారు. ఆయన అందరికీ దండం పెట్టి, స్తంభం మొదట్లో కూలబడ్డాడు.

మళ్లీ ఎక్కి అతుకు పూర్తిచేసి, దిగి, లైన్ ఇప్పించి ఇంటికొచ్చి నీళ్లు తాగాక గానీ మాకు సంగతి చెప్పలేదు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించుకుంటాడు. తాను దిగి, "దిగిన, ఇగ లైన్ ఇయ్యి" అనేదాకా అక్కడివాళ్లు స్విచ్ ముట్టకూడదు. ప్రాణమంతా ఆ ఒక్క మాట మీదే ఉంటుంది. అలాంటిది, ఆయన తీగ పట్టుకొని ఉండగా ఊరంతా ఒక్కసారిగా చప్పట్లు.

"సప్పట్లంటే నాకు ఒకటే తెలుసు బిడ్డా, కరెంటొచ్చిందని. నేను పైననే ఉన్న, ఎవడో లైన్ ఇచ్చిండనుకున్న. తీగ ఇడిసిపెట్టిన గని చేతులు పనిచేస్తలేవు. సబ్‌స్టేషన్‌కు చేస్తే ఎత్తడు. మూడుసార్లు చేసిన."

"ఎందుకెత్తలేదు?"

"ఆడు గూడ బయటికొచ్చి బకెట్ కొడుతున్నడంట."

అమ్మ పకపకా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ చప్పట్లన్నిటినీ ఆయన వైపు తిప్పింది నేనే కదా. ఆ వీడియో అప్పటికే వాట్సాప్‌లో తిరుగుతోంది, కింద ఏవో పెద్ద పెద్ద పొగడ్తలతో. ఆ సంగతి తెలియకముందే నేను దాన్ని పదిమందికి పంపి ఉన్నాను. తెలిశాక ఒక్కొక్కటీ తీసేశాను.

అప్పుడే ఫోన్ మోగింది. ముసలామె కరెంటు ఆ లైనులోదే. "దిగినవా?" అంది. "దిగిన అవ్వా" అన్నాడు నాన్న. ఈసారి ఆ మాట రెండుసార్లు అన్నాడు.

చప్పట్లు కొట్టినవాళ్లు చెడ్డవాళ్లని నేననను. కొట్టినవాళ్లలో నేనే ముందున్నాను. నిజంగానే ప్రేమతో కొట్టాం. కానీ వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం అరగంట కరెంటు పోతే, వీడియో తీసిన ఎదురింటాయనే ఫోన్ చేసి నాన్నను నోటికొచ్చినట్టు తిట్టాడు. కొట్టేటప్పుడు మా కళ్లు మా పళ్లాల మీద, మా ఫోన్ల మీద ఉన్నాయి. పైనున్న మనిషి దిగాడా లేదా అని చూడలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు నాన్న రిటైరయ్యాడు. ఆఫీసులో శాలువా కప్పారు, దండ వేశారు, చప్పట్లు కొట్టారు. ఫోన్ వాళ్లకు అప్పజెప్పాడు. ఆ నంబరు మనిషిది కాదు, పోస్టుది. కొత్తగా వచ్చినాయన జేబులోకి పోయింది. ముసలామె నంబరు నాన్న ఎక్కడా రాసుకోలేదు. తానుగా ఆమెకు ఫోన్ చేయాల్సిన పని ఆయనకు ఎప్పుడూ పడలేదు.

సూర్యాపేటలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. అక్కడ కరెంటు పోతే నాన్న ఇప్పటికీ లేచి నిలబడతాడు. గేటు దాకా పోయి అటూ ఇటూ తీగలు చూస్తాడు. మొదట్లో కరెంటు వచ్చాక లోపలికొచ్చి కొత్త ఫోన్ ముందు పెట్టుకొని కూర్చునేవాడు. అది మోగేది కాదు. అన్నం తిననియ్యని ఫోన్‌ను ఎన్ని తిట్లు తిట్టాడో, అప్పుడు ఆ మోత కోసం అంత ఎదురుచూశాడు. కొన్నాళ్లు పోయాక నేను అడిగితే మెల్లగా బయటపెట్టాడు.

"ఆ అవ్వ ఇప్పుడు కొత్తాయనకు చేస్తుండొచ్చు. ఆయన్ను గూడ కొడుకా అంటదేమో."

"కొత్తాయనకు ఫోన్ చేసి అడుగు నాన్నా."

"ఏమని అడుగుత? నా అవ్వ నీకు ఫోన్ చేస్తుందా అనా? నవ్వుతడు."

ఆయన బాధ నాకు అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లకు వెలుగిచ్చిన మనిషి. ఆ నంబరులో పలికే గొంతు మారిందని కనిపెట్టినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని ఆయనకు తెలుసుకోవాలని ఉంది. ఉండరేమోనని భయంగానూ ఉంది.

పోయిన ఏడాది దసరా సెలవుల్లో ఆయన్ను బస్సెక్కించాను. నేరేడుచర్లలో దిగి షేర్ ఆటో పట్టుకున్నాం. ఆ పల్లెలో ఆమె ఇల్లేదో నాన్నకు తెలియదు, ట్రాన్స్‌ఫార్మర్ తెలుసు. దాని కింద నిలబడి, తీగ పోయిన దారినే తల పైకెత్తి చూస్తూ నడిచాడు. చివరి స్తంభం పక్కనే గొర్ల దొడ్డి, రేకుల ఇల్లు. వాకిట్లో ఒక ముసలామె గొర్రెపిల్లకు ఆకు తినిపిస్తోంది.

"అవ్వా, బాగున్నవా?" అన్నాడు నాన్న.

ఆమె చేతిలోని కొమ్మ కింద పడిపోయింది. చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఆమెకు తెలియదు. గొంతు తెలుసు.

"నువ్వు పడిపోలేదా కొడుకా?"

నాన్నకు అర్థం కాలేదు. ఆమె ఆయన చెయ్యి పట్టుకొని మంచం మీద కూర్చోబెట్టింది. వానాకాలంలో ఒకనాడు కరెంటొస్తే ఎప్పటిలాగే రెండో బటన్ నొక్కిందట. ఇంకో గొంతు పలికింది. ఇప్పుడు ఈ లైన్ నేనే చూస్తున్నానని చెప్పి పెట్టేశాడట.

"మా ఆయన గిట్లనే గొర్లకు ఆకు కొయ్యనీకి సెట్టెక్కిండు. మల్ల దిగలే, కిందపడి పాణం పోయింది. నువ్వు గూడ గట్లనే పడ్డవనుకున్న కొడుకా. ఎవరినడుగుత? నీ పేరు తెల్వదు, ఊరు తెల్వదు. ఇగ ఆ బటను మల్ల ముట్టలే."

నాన్న కింద పడ్డ కొమ్మ తీసి గొర్రెపిల్ల ముందు పెట్టాడు. ఆమె తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి చెప్పింది.

"మొన్న పెత్రామాస నాడు మా పెద్దలకు పెట్టేటప్పుడు నీకు గూడ ఒక ముద్ద పెట్టిన. పేరు లేదు గద, కరెంటు కొడుకు అని చెప్పి పెట్టిన. బతికున్నోనికి పెట్టిన బిడ్డా, నీకేమన్న అయితదా?"

మా నాన్న ఏడవడం నేను అప్పుడే చూశాను. చొక్కా చేతితో కళ్లు తుడుచుకొని, చిన్నపిల్లవాడిలా నవ్వి, దొడ్డి ముందు నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"ఏం కాదవ్వా. ఆ ముద్ద నాకు అందలే. ఇప్పుడు పెట్టు, తింట."

ఆమె లేచి, మోకాళ్లు పట్టుకుంటూ, అన్నం తేవడానికి లోపలికి పోయింది.