పక్క గదిలో ఆరిపోయిన బల్బు

కొత్తగూడెంలో మా పక్క గదిలో కిరాయికుంటున్న జువాలజీ లెక్చరరు ఓ చెక్కపెట్టెలో రేయింబవళ్లూ బల్బు వెలిగిస్తుంటే, కోడిపిల్లల కోసమేమో అనుకున్నాను. వారమైనా ఒక్క కూతా వినపడలేదు. ఈ రోజు పొద్దున కరెంటు పోయింది. సాయంత్రం ఆయన మంచం కింద వెతుకుతుంటే నిలదీశాను.

"ఆ పెట్టెల ఏముండె సారూ?"

"జెర్రిపోతు పిల్లన్నా. విషముండదు. చలికి తట్టుకోదని బల్బు పెట్టిన."

"మరి ఇప్పుడేది?"

"బల్బు ఆరినంక బయటికొచ్చినట్టుంది. యాడనో వెచ్చగున్న కాడ చేరుంటది."

ఇంట్లోకొచ్చి దుప్పట్లన్నీ దులిపాను. ఏమీ లేదు. అప్పుడు చూశాను: రోజూ పొయ్యి పక్కన వెచ్చటి బూడిదలో పడుకునే మా పిల్లి, ఇవాళ గోడెక్కి కూర్చుని దిగడం లేదు.

ఈ పూట నాకూ పిల్లికీ భోజనం పెట్టేవాళ్లెవరైనా ఉన్నారా?